ఇజ్జత్‌కు తూకపు రాళ్లు

మనిషి ఒక్కడే, పరువూ ఒక్కటే. 2021 సెప్టెంబరులో దాని ఖరీదు 1 కోటి రూపాయలు, 2024 అక్టోబరులో 100 కోట్లు, 2025 సెప్టెంబరులో 10 కోట్లు. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వేసిన మూడు పరువు నష్టం దావాల్లో అడిగిన సొమ్ము ఇది. మొదటిది రేవంత్ రెడ్డి మీద, రెండోది మంత్రి కొండా సురేఖ మీద, మూడోది మా కరీంనగర్ ఎంపీ, కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి బండి సంజయ్ మీద. నడుమ 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ గొడవప్పుడు రేవంత్‌కు, సంజయ్‌కు 100 కోట్ల లెక్కన లీగల్ నోటీసులు కూడా పోయినయి.

ఇది ఒక్క నాయకుడి అలవాటని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆంధ్రలో నారా లోకేశ్ తన మీద 2019లో వచ్చిన ఒక కథనానికి సాక్షి పత్రిక మీద విశాఖపట్నం కోర్టులో 75 కోట్లకు దావా వేశారు, వాయిదాలకు స్వయంగా తిరిగారు. అన్ని పార్టీల వకీళ్ల దగ్గరా ఇదే తరహా నోటీసు ముసాయిదా ఉంటుంది, అంకె మారుతుంది అంతే. ఆ అంకె ఎక్కడ పుడుతుంది, జడ్జి చేతిలో పడ్డాక ఏమవుతుంది అన్నదే చూడదగిన సంగతి. 1, 100, 10 అన్న వరుసలో ఆరోపణ బరువు, అది పాకిన మేర, జరిగిన నష్టం ఏదో ఒక క్రమంలో కనిపించాలి. నాకైతే కనిపించలేదు.

తమాషా ఏమిటంటే, సంజయ్‌కూ తారక రామారావుకూ మధ్య దూరం బస్సులో గంట ప్రయాణం. సిరిసిల్ల అసెంబ్లీ సీటు కరీంనగర్ లోక్‌సభ స్థానంలోనిదే. అంటే వాదికీ ప్రతివాదికీ ఓటేసే జనం సిరిసిల్ల గల్లీల్లో ఒక్కరే. ఫోన్ ట్యాపింగ్ మీద సంజయ్ 2025 ఆగస్టులో అన్న మాటలను నమ్మాలా వద్దా అని తేల్చుకోవలసిన వాళ్లు వీళ్లే. దావా మాత్రం హైదరాబాద్‌లో.

నోటీసుకూ దావాకూ తేడా ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే పేపర్లో రెండూ ఒకటే సైజు అక్షరాల్లో వస్తయి. నోటీసులో ఎంత రాసినా ఖర్చు వకీలు ఫీజు, రిజిస్టర్డ్ పోస్టు చార్జీ. వంద కోట్లు రాసినా, వెయ్యి కోట్లు రాసినా పోస్టాఫీసులో తూకం అదే. దావా అట్లా కాదు. అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అదీ ముందే. మన దగ్గర నడిచే 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం పరువుకు ప్రత్యేకంగా ఏ రాయితీ ఇవ్వలేదు. అందుకే నోటీసు నుంచి దావా దాకా వచ్చేసరికి చాలా అంకెలు చిక్కిపోతయి, కొన్ని అసలు రానే రావు. పైగా గడువు ఒక్క ఏడాదే. లిమిటేషన్ చట్టం ప్రకారం మాట అన్న నాటి నుంచి సంవత్సరంలోపు దావా పడకపోతే ఆ వంద కోట్లు పత్రికల కట్టల్లో మిగులుతయి.

ఎక్కువ అడగడంలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. సివిల్ కోర్టు వాది అడిగినదానికి మించి ఇవ్వదు. కనుక దావాలో రాసిన అంకె ధర కాదు, పైకప్పు. వకీలు పైకప్పు ఎత్తుగా కట్టమనే చెప్తడు. ఆ ఎత్తును జనం ధర అనుకోవడం, నాయకుడు అట్లా అనుకోనివ్వడం, ఇక్కడే రాజకీయం మొదలయ్యేది.

ఇక కోర్టులు నిజంగా ఇచ్చిన సొమ్ములు పక్కపక్కన పెట్టి చూద్దాం.

రాజీవ్ గాంధీ హత్య మీద వేసిన జైన్ కమిషన్ ముందు సుబ్రమణ్యస్వామి, తన ఎదుటి పక్షం వకీలు రాం జెఠ్మలానీకి ఎల్‌టీటీఈ నుంచి డబ్బు ముట్టిందని రాతపూర్వకంగా ఆరోపించారు. ఇద్దరూ రాజకీయ నాయకులే, ఇద్దరూ నోటికి జడవని వాళ్లే. ఢిల్లీ హైకోర్టు 2006 జనవరిలో జెఠ్మలానీకి 5 లక్షలు ఇప్పించింది. దేశంలో ఒక నాయకుడి నుంచి మరో నాయకుడికి కోర్టు ఇప్పించిన పరువు సొమ్ముకు గట్టి ఉదాహరణ ఇది. ఆరోపణ చిన్నది కాదు, దేశద్రోహానికి దగ్గరి మాట. ఇచ్చింది మాత్రం ఒక మంచి కారు ధర.

ఐదేళ్లు దాటగానే పుణె కోర్టు 100 కోట్లు రాసింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి. బి. సావంత్ ఫొటోను 2008 సెప్టెంబరు 10న టైమ్స్ నౌ చానల్ మరో జడ్జి వార్తలో పొరపాటున చూపించింది. ఇద్దరి పేర్లూ దగ్గర దగ్గరగా ఉంటయి. తెర మీద ఆ బొమ్మ ఉన్నది 15 సెకన్లు. చెప్పాక తీసేశారు, తర్వాత ఐదు రోజుల పాటు క్షమాపణ వేశారు. 2011 ఏప్రిల్‌లో ట్రయల్ కోర్టు ఆయన అడిగిన మొత్తమంతా ఇచ్చింది. అప్పీలు నడవాలంటే 20 కోట్లు నగదు, 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ కట్టమని బొంబాయి హైకోర్టు అంటే, సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో జోక్యానికి ఒప్పుకోలేదు. సెకనుకు లెక్క కడితే 6 కోట్ల 66 లక్షల పైమాటే. సావంత్ రాజకీయ నాయకుడు కాదు. అయినా ఈ తీర్పును వదిలేయడానికి లేదు. మన నాయకుల నోటీసుల్లో 100 అనే అంకె ఊరికే అంత తరచుగా పడదు. నా అనుమానం, ఆ అంకె పుట్టిల్లు పుణె.

ఇప్పుడు దీని పక్కన 2024 జులై 1 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు పెట్టండి. తృణమూల్ నాయకుడు సాకేత్ గోఖలే 2021 జూన్‌లో, ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన మాజీ దౌత్యవేత్త లక్ష్మీ పురి విదేశంలో కొన్న ఇంటి మీద ట్వీట్లు పెట్టారు. ఆమె కేంద్ర మంత్రి హర్‌దీప్ పురి భార్య. 5 కోట్లు అడిగారు, కోర్టు 50 లక్షలు ఇచ్చింది. దానితో పాటు పత్రికలో క్షమాపణ అచ్చు వేయాలని, గోఖలే ఖాతాలో ఆ క్షమాపణ ఆరు నెలలు చెరపకుండా ఉంచాలని చెప్పింది. ఎంత డబ్బిచ్చినా పోయిన పరువు పూర్తిగా తిరిగి రాదన్న మాట కూడా తీర్పులో ఉంది. సొమ్ము రాకపోయేసరికి 2025లో ఆయన ఎంపీ జీతం జప్తుకు కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పొరపాటున పడిన ఒక బొమ్మ, 15 సెకన్లు, 100 కోట్లు. కావాలని పెట్టిన ట్వీట్ల వరుస, కొన్నేళ్ల తగువు, 50 లక్షలు. తప్పు ఏ దిక్కున ఎక్కువగా ఉందో, సొమ్ము దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది.

కానీ ఈ రెండింటిలో నేను ఢిల్లీ తీర్పు వైపే నిలబడతాను. అంకె చిన్నదనే కాదు. అది డబ్బును ఒక పనిముట్టుగానే చూసింది, అసలు పని క్షమాపణకు అప్పగించింది. ట్వీటు చదివినవాడి కళ్లకే క్షమాపణా కనపడాలన్న ఆలోచనలో ఇజ్జత్ అంటే ఏమిటో తెలిసిన తెలివి ఉంది. పుణె తీర్పులో కోపం కనిపిస్తుంది, కొలత కనిపించదు. అయితే ఢిల్లీ తీర్పులోనూ 5 కోట్ల నుంచి 50 లక్షలకు దిగిన మెట్లు ఎన్నో మనకు తెలియదు. పదో వంతే ఎందుకు, ఎనిమిదో వంతు ఎందుకు కాదు?

దక్షిణాదికి వస్తే, బెంగళూరు కోర్టు 2021 జూన్‌లో మాజీ ప్రధాని దేవెగౌడ ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్న మాటలకు నైస్ రోడ్ల కంపెనీకి 2 కోట్లు కట్టమంది, తర్వాత హైకోర్టు ఆ తీర్పు అమలును ఆపింది. మద్రాసు హైకోర్టు 2024 నవంబరులో కొడనాడు ఎస్టేట్ హత్య, దోపిడీ వ్యవహారంలో తన పేరు లాగిన ఒక వ్యక్తి నుంచి మాజీ ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామికి 1 కోటి 10 లక్షలు ఇప్పించింది. ఆ వ్యక్తి పదవిలో ఉన్నవాడు కాదు, జయలలిత దగ్గర ఒకప్పుడు కారు నడిపిన మనిషికి అన్న. డిక్రీ కాగితం చేతికొచ్చాక వసూలు పిటిషన్ వేసి ఆ కోటి పది లక్షలు ఎవరి ఇంటి నుంచి తేవాలి? పెద్ద నాయకుడు గెలిచిన కేసుల్లో ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు, చెప్పవలసిన అవసరం కూడా పడదు. గెలిచిన వార్త ఆ సాయంత్రమే ఖర్చయిపోతుంది.

తీర్పులన్నీ ఒకే జాబితా చదువుతయి: ఆరోపణ ఎంత ఘోరమైంది, ఎంత దూరం పాకింది, వాది హోదా ఏమిటి, ప్రతివాది క్షమాపణ చెప్పాడా లేక మొండికేశాడా. జాబితా బాగానే ఉంది. జాబితా అయిపోయిన తర్వాతి వాక్యంలో అంకె ఉంటుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీలోకి ఏ వకీలూ టార్చిలైటు వేయలేడు.

ఖాళీ ఉండకూడదని కాదు, ఉండాల్సిన పని లేదని నాకెట్లా తెలుసంటే, అదే కోర్టు ఆవరణలో ఇంకో లెక్క రోజూ నడుస్తుంది కనుక. కరీంనగర్ కోర్టుల్లో మోటారు ప్రమాదాల కేసులు పేషీకి వచ్చే రోజు వరండాలో కాసేపు నిలబడి చూడండి. పాలిథిన్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, పోస్టుమార్టం రిపోర్టు, ఎఫ్ఐఆర్ నకలు పెట్టుకుని ఒక ఆడమనిషి గోడకు చేరగిలబడి ఉంటుంది. పక్కన పిల్లగాడు. రాజీవ్ రహదారి మీద గ్రానైట్ లారీ గుద్ది ఆమె భర్త పోయాడనుకుందాం. 35 ఏండ్ల హమాలీ, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు.

కోర్టు చేసే లెక్క ఇది. ఏడాదికి 1,80,000. నలభై లోపు వయసు, సొంత రెక్కల మీద బతుకు కనుక ముందు ముందు పెరిగే ఆదాయానికి 40 శాతం కలపాలి, 2,52,000. బతికుంటే తన కోసం ఖర్చు పెట్టుకునేదని నాలుగో వంతు తీసేయాలి, 1,89,000. 35 ఏండ్లకు గుణకం 16. మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు మనిషిని పోగొట్టుకున్నందుకు ఇచ్చే పద్దులు కలిపితే ముప్పై ఒకటి, ముప్పై రెండు లక్షలు. గుణకాల పట్టిక సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చింది, మిగతా పద్దులు 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఖాయం చేసింది. వయసు 36 అయితే గుణకం 15 అవుతుంది, ఒక్క పుట్టినరోజుకు లక్షా ఎనభై తొమ్మిది వేలు తగ్గుతయి. క్రూరంగానే ఉంటుంది. కానీ ఆమె వకీలు కాల్కులేటర్ పట్టుకుని ఏ మెట్టు దగ్గర తక్కువ పడిందో వేలు పెట్టి చూపించగలడు, హైకోర్టుకు పోగలడు.

ప్రాణానికి పట్టిక ఉంది, ఇజ్జత్‌కు లేదు. 10 కోట్లంటే ఆ హమాలీ లాంటివాళ్లు ముప్పై రెండు మంది. పుణె తీర్పు అంటే మూడు వందల పైన.

ఈ రెంటినీ పోల్చొద్దనే వాదన పాతది. ప్రాణం వేరు, పరువు వేరు, తక్కెడలు వేరంటారు. ఇంగ్లండ్‌లో కూడా చాలాకాలం అట్లాగే అన్నారు. 1990ల్లో గాయకుడు ఎల్టన్ జాన్ తిండి అలవాట్ల మీద ఒక పత్రిక కట్టుకథ రాస్తే జ్యూరీ 3,50,000 పౌండ్లు ఇప్పించింది. 1995 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని 75,000కు కోసేసి, ఒక మాట చెప్పింది. కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు కోర్టులు ఇచ్చే సొమ్మెంతో పరువు కేసు జ్యూరీకి కూడా చెప్పొచ్చు, ఆ రాళ్లతో ఒకసారి తూచి చూసుకోనివ్వొచ్చు అని. సమానంగా ఇవ్వమని కాదు, పక్కన పెట్టి సిగ్గుపడే వీలు కల్పించమని. అదే ఏడాది, లార్డ్ ఆల్డింగ్టన్ అనే మాజీ మంత్రికి జ్యూరీ ఇప్పించిన 15 లక్షల పౌండ్లు వాక్ స్వేచ్ఛను దెబ్బతీసేంత మితిమీరిన మొత్తమని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. మనకు జ్యూరీలు లేవు. పరువు కేసు తూచే జడ్జికీ, ప్రమాదం కేసు తూచే జడ్జికీ మధ్య చాలా చోట్ల ఒక గోడే అడ్డం, కొన్ని చోట్ల అదీ లేదు, ఇద్దరూ ఒకరే. ఉదయం గుణకం 16 అని రాసిన చేయి మధ్యాహ్నం గుణకం లేకుండా రాస్తుంది.

నాయకుల విషయంలో చిక్కు ఇంకొకటి ఉంది, ఇదే నాకు ఎక్కువ గుచ్చుకునేది. 1994లో హత్యల కేసు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ వివాదంలో, న్యాయవాదులు రాజగోపాల్ కేసు అనేదాంట్లో, సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. పదవిలో ఉన్నవాళ్ల అధికారిక నడవడి మీద రాసినదానికి నష్టపరిహారం రావాలంటే, అది అబద్ధమని తేలితే చాలదు, నిజమా కాదా అని పట్టించుకోకుండా రాశారని వాది నిరూపించాలి. అమెరికాలో 1964లో న్యూయార్క్ టైమ్స్ మీద అలబామా జ్యూరీ వేసిన 5 లక్షల డాలర్లను కొట్టేసిన సల్లివన్ తీర్పు నీడ ఇందులో ఉంది. అంటే పెద్దమనిషి ఎక్కువ ఓర్చుకోవాలి. 2025 సెప్టెంబరు 8న, రేవంత్ కొత్తగూడెం ప్రసంగం మీద తెలంగాణ బీజేపీ వేసిన క్రిమినల్ కేసును తిరిగి తెరవడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాజకీయాల్లో ఉన్నవాడికి చర్మం మందంగా ఉండాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ అన్నారు.

ఇదంతా గడప దగ్గరి న్యాయం. లోపలికి పోయి సొమ్ము లెక్కకు వచ్చేసరికి జాబితాలో వాది హోదా ఉంది కదా, అక్కడ తూకం తిరగబడుతుంది. పెద్దమనిషికి పెద్ద పరువు, పెద్ద పరువుకు పెద్ద సొమ్ము. గడప దగ్గర ఎక్కువ ఓర్చుకొమ్మన్న మనిషికే లోపల ఎక్కువ ఇస్తారు. ఈ రెండు సూత్రాలూ ఒకే తీర్పులో కలిసి కూర్చున్నప్పుడు ఒకటి రెండోదాన్ని చూడనట్టే ఉంటుంది.

నాయకుడికి నష్టం కొలవడం అసలు సాధ్యమేనా? వ్యాపారికి గిరాకీ పోతుంది, డాక్టరుకు రోగులు తగ్గుతరు, లెక్క పుస్తకం తెస్తరు. నాయకుడి లెక్క పుస్తకం ఓట్ల పెట్టె. బండి సంజయ్ 2023 డిసెంబరులో కరీంనగర్ అసెంబ్లీ సీటును 3,163 ఓట్లతో పోగొట్టుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి అదే కరీంనగర్ లోక్‌సభ స్థానంలో 2,25,209 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. తారక రామారావు 2023లో పార్టీ అధికారం కోల్పోయినా సిరిసిల్లలో 29,687 ఓట్లతో నెగ్గాడు, అప్పటికే రెండేళ్లుగా ఆయన మీద ఎన్ని మాటలు పడ్డయో లెక్కలేదు. ఈ ఓట్లలో ఏది ఎవరి మాట వల్ల వచ్చింది, ఏది ఎవరి మాట వల్ల పోయింది? ఏ జడ్జీ చెప్పలేడు, చెప్పకూడదు కూడా.

మా వైపు నాయకుల నడుమ కోర్టు సొమ్ము ఇప్పించిన కేసే లేదా అంటే ఉంది. అది పరువు కేసు కాదు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరసత్వం దాచి ఇక్కడ పోటీ చేశారని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ పదిహేనేండ్ల పాటు కోర్టులు పట్టుకు తిరిగాడు. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు రమేశ్‌ను జర్మన్ పౌరుడిగానే తేల్చి, 30 లక్షల ఖర్చులు విధించింది. అందులో 25 లక్షలు శ్రీనివాస్‌కు, 5 లక్షలు న్యాయసేవాధికార సంస్థకు. ఈ తీర్పును పరువు దావాల పక్కన పెడితే తేడా వెంటనే కొడుతుంది. ఇక్కడ సొమ్ముకు దారి కనిపిస్తుంది. ఏండ్ల తరబడి వాయిదాలు, వకీళ్లు, ప్రయాణాలు, దాచిన కాగితాలు. శ్రీనివాస్ మనసు ఎంత నొచ్చిందని కోర్టు అడగలేదు. హమాలీ ప్రాణం లెక్కకు ఇది దాదాపు సమానంగా వచ్చింది, అది యాదృచ్ఛికమే.

పరువు దావాల్లో నాయకులకు వెంటనే దొరికేది, బహుశా వాళ్లు నిజంగా కోరుకునేది, సొమ్ము కాదు. 2024 అక్టోబరు 25న కొండా సురేఖ కేసులో కోర్టు ఇచ్చింది మధ్యంతర ఉత్తర్వు: ఇకమీదట ఆ మాటలు అనొద్దు, ఉన్నవి తీసేయండి. 2021 దావాలో కూడా ముందు వచ్చింది అదే. వంద కోట్లు ఆ ఉత్తర్వు వెనక నిలబెట్టిన దిష్టిబొమ్మ. అవే వ్యాఖ్యల మీద నటుడు నాగార్జున సురేఖ మీద వేసిన క్రిమినల్ కేసు 2025 నవంబరులో ఆమె విచారం ప్రకటించాక వెనక్కి పోయింది, ఒక్క రూపాయి చేతులు మారలేదు. అరుణ్ జైట్లీ కేజ్రీవాల్ మీద వేసిన 10 కోట్ల దావా కూడా 2018 ఏప్రిల్‌లో ఒక క్షమాపణ లేఖతో ముగిసింది. నడుమ క్రాస్ ఎగ్జామినేషన్‌లో కేజ్రీవాల్ వకీలుగా జెఠ్మలానీ జైట్లీని అన్న ఒక మాటకు ఇంకో 10 కోట్ల దావా పడింది. పరువు దావా పిల్లలు పెడుతుందన్న మాట.

ఆ క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గరే ఈ కేసుల అసలు బలహీనత బయటపడుతుంది. దావా ట్రయల్ దాకా వస్తే వాది తరఫున ఒక సాక్షి బోనెక్కాలి. సాధారణంగా పాత మిత్రుడో, పార్టీ మండల అధ్యక్షుడో. తెల్ల అంగీ, చేతిలో ముందే టైపు చేసిన ప్రమాణపత్రం: ఆ మాటలు విని నా దృష్టిలో వాది గౌరవం దిగజారింది. ఎదుటి వకీలు లేచి నెమ్మదిగా అడుగుతడు.

"మీరు సార్‌తోని ఎన్నేండ్ల సంది ఉన్నరు?"

"పద్దెనిమిదేండ్లు."

"ఆ మాట విన్నంక పార్టీ ఇడిసిన్రా?"

"లేదు."

"మొన్న ఎలక్షన్ల ఓటేసిన్రా సార్‌కు?"

"ఏసిన."

"అయితే మీ లెక్కల సార్ ఇజ్జత్ తగ్గిందా, లేదా?"

సాక్షి వాది వైపు చూస్తడు. జడ్జి పెన్ను ఆపి, ఆ చూపు రికార్డులో ఎట్లా రాయాలో ఆలోచిస్తడు.